రోడ్డు కోసం చెట్లు కొట్టే ముందు ఏ చెట్టు ఏ నెలలో పండుతుందో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు మొదలవగానే ప్రతి ఏడాది మీ పేపర్లో రెండు రకాల వార్తలు వస్తాయండి, ఒకటేమో ఫలానా జిల్లాలో ఇన్ని లక్షల మొక్కలు నాటుతున్నారు అని, రెండోది ఫలానా రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఇన్ని వేల చెట్లు తీసేస్తున్నారు అని. రెండిట్లోనూ నంబరే పెద్దగా వేస్తారు, ఏ చెట్టు అనేది ఎక్కడో చివర్లో ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. నేను ఈ ఉత్తరం రాస్తుంది ఆ చెట్టు పేరు గురించే. పండ్లు తిని బతికే పక్షులకి వెయ్యి టేకు చెట్లు ఉన్నా ఒకటే, అసలు చెట్టే లేకపోయినా ఒకటే, అదే ఒక్క మర్రి చెట్టు సరైన నెలలో పండితే ఆ చుట్టుపక్కల పక్షులన్నీ ఆ వారం అక్కడే ఉంటాయి. మీ పేపరు చదివే వాళ్ళలో రోడ్ల ఇంజనీర్లు, ఫారెస్ట్ ఆఫీసర్లు, కలెక్టర్లు కూడా ఉంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

మా గోదావరి వైపు అడవి సంగతే తీసుకుందాం, రంపచోడవరం, మారేడుమిల్లి, పాపికొండలు. ఇక్కడ చాలా భాగం ఆకు రాల్చే అడవి. శివరాత్రి వెళ్ళాక ఆకు రాలిపోతుంది, ఎండల్లోనే చెట్లు పూస్తాయి, మొర్రి పండ్లు, తునికి పండ్లు ఏప్రిల్ మే నెలల్లో, తర్వాత పాల పండ్లు, ఈత పండ్లు, వానలు పడే టైంకి నేరేడు, వేప. ఇలా అన్నీ ఒకేసారి మీద పడి పండటానికి కారణం ఉంది, గింజ కింద పడగానే తడి దొరకాలి. నేరేడు గింజ అయితే కొన్నాళ్ళు ఎండితే చాలు మొలిచే శక్తి పోతుంది, అందుకే అది తొలకరి చూసుకునే పండుతుంది. ఆ రెండు మూడు నెలలు పక్షులకి తిన్నంత తిండి. వినాయక చవితి దాటిన తర్వాత చూడండి, అడవి పచ్చగా నిండుగా ఉంటుంది, ఫొటోలు తీసుకోడానికి టూరిస్టులు వచ్చేది కూడా అప్పుడే, కానీ కండ ఉన్న పండు మాత్రం చాలా తక్కువ. మళ్ళీ రేగు, పరికి లాంటివి వచ్చేసరికి చలికాలం. ఈ మధ్యలో ఉన్న నెలలే పండు తినే పక్షికి గడ్డు కాలం, కానీ చూసేవాళ్ళకి అది కనపడదు.

మరి ఆ నెలల్లో అవి ఏం చేస్తాయి అంటే ఒక్కో పక్షిది ఒక్కో దారి. పికిలి పిట్టలు, గోరింకలు లాంటివి తిండి మార్చేస్తాయి, పండు లేకపోతే పురుగులు తింటాయి, వాటికి పెద్ద కష్టం లేదు. పచ్చ పావురాలు అలా కాదు, అవి పూర్తిగా పండ్ల మీదే బతుకుతాయి కాబట్టి గుంపుగా లేచి పండు ఎక్కడుందో అక్కడికి పోతాయి, ఒక రావి చెట్టు మీద పది రోజులు కనపడి పదకొండో రోజు ఒక్కటి కూడా ఉండదు, ఎవరో కొట్టేశారేమో అనుకుంటాం, కాదు, చెట్టు మీద పండు అయిపోయింది అంతే. ఊళ్ళల్లో టక్ టక్ మని కూసే కంసాలి పిట్ట ఉంది కదా, దాని తిండిలో ఎక్కువ భాగం మర్రి, రావి, జువ్వి, మేడి పండ్లే. ఇక హార్న్‌బిల్స్ అనే పెద్ద ముక్కు పక్షుల సంగతి కింద రాస్తాను, వాటిది మరీ కష్టం.

ఈ గడ్డు నెలల్లో ఆదుకునేది మర్రి జాతి చెట్లు. మర్రి, రావి, జువ్వి, మేడి, బొమ్మ మేడి, ఇవన్నీ ఒకే కుటుంబం, ప్రపంచం మొత్తం మీద వీటిల్లో 750కి పైగా జాతులున్నాయి. మేడిపండు పొట్టలో పురుగులు అని మనం చిన్నప్పటి నుంచి వింటాం కదా, ఆ పురుగుల్లోనే అసలు విషయం ఉంది. మేడిపండు అని మనం అనేది నిజానికి లోపలికి మూసుకుపోయిన పూల గుత్తి, దాంట్లోకి దూరి పరాగసంపర్కం చేసేది చీమ కన్నా చిన్నదైన ఒక కందిరీగ, దాదాపు ఒక్కో జాతి చెట్టుకి దాని సొంత కందిరీగ ఉంటుంది. పండులోంచి బయటకొచ్చాక ఆ ఆడ కందిరీగ ఒకటి రెండు రోజులకి మించి బతకదు. ఈ లోపల దానికి పూత మీదున్న ఇంకో చెట్టు దొరకాలి, దొరక్కపోతే ఆ కందిరీగ వంశం పోతుంది, అది పోతే చెట్టు వంశమూ పోతుంది. అందుకని ఈ చెట్లన్నీ కలిసి ఒకే నెలలో కాయవు, ఈ మేడి మార్చిలో కాస్తే వాగు అవతల మేడి ఆగస్టులో కాస్తుంది, ఇంకోటి కార్తీక మాసంలో కాస్తుంది. చెట్టు ఈ పని కందిరీగ కోసం చేసుకుంటే దాని వల్ల పక్షులకి ఏడాది పొడుగునా ఎక్కడో ఒక చోట పండు దొరుకుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఎక్కడో ఒక చోట అనేది చెట్లు చాలా ఉంటేనే కుదురుతుంది, ఒక కొండ మీద మూడే మేడి చెట్లు మిగిలితే పన్నెండు నెలల్లో చాలా నెలలు ఖాళీ.

2001లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక పెద్ద రివ్యూలో మర్రి జాతి పండ్లు తినే పక్షులు, పాలిచ్చే జంతువులు కలిపి 1,274 జాతులని లెక్క తేల్చారు. ఇంకో పరిశోధన 1998లో నేచర్ పత్రికలో వచ్చింది, ఈ పండ్లలో కాల్షియం అదే అడవిలోని మిగతా పండ్ల కన్నా మూడు రెట్లకి పైగా ఉందని. గుడ్డు పెంకు తయారవ్వాలన్నా, పిల్లల ఎముకలు పెరగాలన్నా కాల్షియం కావాలి కదా. పెరూలో కోచా కాషూ అనే చోట ఏళ్ళ తరబడి అడవిని చూసిన జాన్ టెర్బోర్గ్ గారు 1986లోనే చెప్పారు, వేల జాతుల మొక్కలున్న అడవిలో కూడా పండ్లు తగ్గిపోయిన నెలల్లో జంతువుల్ని, పక్షుల్ని నిలబెట్టేది గుప్పెడు జాతులేనని, వాటిల్లో ముఖ్యమైనవి ఈ మర్రి జాతే అని. మన పడమటి కనుమల్లోని అనమలై కొండల్లో రఘుపతి కన్నన్, డగ్లస్ జేమ్స్ అనే ఇద్దరు గ్రేట్ హార్న్‌బిల్ మీద పని చేసినప్పుడు కూడా అదే తేలింది, పండ్లు బాగా ఉన్న ఎండాకాలంలో అవి గూళ్ళు కట్టుకుంటున్నాయి, పండ్లు లేని నెలల్లో మర్రి జాతి చెట్ల మీద బతుకుతున్నాయి.

హార్న్‌బిల్ గూడు గురించి తెలియని వాళ్ళ కోసం చెప్తాను. ఆడది పెద్ద చెట్టు తొర్రలోకి వెళ్ళి వాకిలిని రెట్టతో, మట్టితో మూసేసుకుంటుంది, ముక్కు పట్టేంత సందు ఒక్కటే వదులుతుంది. గుడ్లు పెట్టి పొదిగి పిల్లలు పెద్దయ్యే దాకా సుమారు మూడు నెలలు అది బయటకి రాదు, మొత్తం తిండి మగది ఒక్కటే తేవాలి, గొంతులో నింపుకుని వచ్చి ఒక్కొక్క పండు సందులోంచి అందిస్తుంది. ఈ మూడు నెలల్లో చుట్టుపక్కల పండు తగ్గితే పచ్చ పావురంలాగా లేచి వేరే కొండకి పోవడానికి లేదు, లోపల భార్యా పిల్లలు ఉన్నారు. అందుకే అవి గూడు కట్టే టైము పండ్లు బాగా దొరికే టైముతో సరిగ్గా కలవాలి. మన పాపికొండల్లో ఉండేది మలబార్ పైడ్ హార్న్‌బిల్, నలుపు తెలుపు ఒళ్ళు, పసుపు ముక్కు మీద నల్ల మచ్చున్న కొమ్ము. ప్రపంచంలో ఏ జాతికి ఎంత ముప్పుందో లెక్క కట్టే ఐయూసీఎన్ సంస్థ వాళ్ళు దీన్ని ముప్పుకి దగ్గర్లో ఉన్న జాతిగా పెట్టారు. ఇది కూడా మర్రి, మేడి, జువ్వి పండ్ల మీద బాగా ఆధారపడే పక్షే. పడమటి కనుమల్లో దీన్ని చూడ్డానికి జనం దాండేలి దాకా వెళ్తారు, మన దగ్గర ఉందని మన పిల్లలకే తెలీదు, ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పక్షుల సంఖ్య పండ్లని ఎంత దగ్గరగా అనుసరిస్తుందో బయట దేశాల్లో చక్కగా చూశారు. ఇండోనేషియాలో సులవేసి దీవిలో టంగ్‌కోకో అడవిలో కినైర్డ్, ఓబ్రైన్ అనేవాళ్ళు నెల నెలా హార్న్‌బిల్స్‌నీ లెక్కపెట్టారు, మర్రి జాతి పండ్లనీ లెక్కపెట్టారు, ఒకటి పెరిగితే రెండోది పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కోస్టారికాలో మోంటెవెర్డే అనే మబ్బు కమ్మిన కొండ అడవిలో క్వెట్జల్ అనే అందమైన పక్షి ఉంది, అది కొండ మీద అడవి అవకాడో జాతి పండ్లు తిని పిల్లల్ని పెంచుకుంటుంది, పండ్లు అయిపోగానే కొండ దిగి కింద అడవుల్లోకి వెళ్ళిపోతుంది. రేడియో ట్యాగులు కట్టి చూస్తే ఏం తెలిసిందంటే దాని కోసమని రిజర్వు చేసిన అడవి దానికి ఏడాదిలో కొన్ని నెలలకే పనికొస్తుంది, మిగతా నెలలు అది రిజర్వు బయట, ప్రైవేటు భూముల్లో మిగిలిన అడవి ముక్కల్లో బతుకుతుంది.

ఇది మనకి చాలా ముఖ్యమైన మాట అండి. పాపికొండల్ని 2008లో నేషనల్ పార్క్ చేశారు, వెయ్యి చదరపు కిలోమీటర్లకి కాస్త పైన ఉంటుంది, మంచిదే. కానీ పండు కోసం తిరిగే పక్షికి మ్యాపులో గీత తెలీదు కదా, ఆ గీత బయట కొండరెడ్ల గూడేల దగ్గరున్న మేడి చెట్టు, ఘాట్ రోడ్డు పక్క జువ్వి, గుడి వెనక మర్రి, ఇవన్నీ దాని తిండి లెక్కలో ఉంటాయి. పైగా పోలవరం నీళ్ళు నిలిస్తే గోదావరి ఒడ్డున ఉన్న అడవి కొంత మునుగుతుంది, మేడి ఎక్కువగా పెరిగేది వాగుల ఒడ్డునే. అలాంటప్పుడు పైన మిగిలిన చెట్ల విలువ ఇంకా పెరుగుతుంది కదా, మనం మాత్రం పార్క్ లోపల చెట్టు అయితే ఒక రూలు, బయట రోడ్డు పక్క చెట్టు అయితే నంబరు వేసి రంపం.

రాజమండ్రి నుంచి రంపచోడవరం, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఈ హైవే ఉంది. రోడ్డు వద్దని నేను అనట్లేదు, ఏజెన్సీ వాళ్ళకి రోడ్డు ఎంత అవసరమో, డోలీల్లో పేషెంట్లని మోసుకొచ్చే వార్తలు చదివే ఎవరికైనా తెలుసు. నేను అడిగేది ఒక్కటే, ఏ రోడ్డుకైనా కొట్టే చెట్ల లిస్టు తయారు చేసేటప్పుడు మర్రి, రావి, మేడి, జువ్వి, నేరేడు చెట్లని వేరుగా రాయండి, అవి ఏ నెలలో పండుతున్నాయో పక్కన గూడెం వాళ్ళని అడిగి రాయండి, వీలైన చోట రోడ్డునే రెండు మీటర్లు పక్కకి జరపండి. తెలంగాణలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా చేవెళ్ళ రోడ్డు మీద సుమారు 900 మర్రి చెట్ల కోసం జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు, ఆ మర్రి చెట్ల గురించి మాట్లాడినప్పుడు అందరూ నీడ గురించి, నిజాం కాలం నాటి చరిత్ర గురించి మాట్లాడారు, అది కరెక్టే, కానీ ఆ చెట్లు ఏడాదిలో వేరు వేరు నెలల్లో పండుతూ ఎన్ని పక్షులకి తిండి పెడుతున్నాయో ఆ సంగతి పెద్దగా వినపడలేదు. చెట్టుని పీకి ఇంకో చోట నాటుతాం అంటారు. అలా మార్చేటప్పుడు ముందు కొమ్మలన్నీ కొట్టేస్తారు, బతికితే సంతోషమే, మళ్ళీ కొమ్మలు వేసి మునుపటిలా కాయడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళల్లో అక్కడి పక్షులు ఏం తినాలి.

ఇక నాటే మొక్కల సంగతి. హైదరాబాదులో, ఇంకా చాలా ఊళ్ళల్లో కోనోకార్పస్ విచ్చలవిడిగా నాటారు, పచ్చగా గోడ కట్టినట్టు ఉంటుంది, దాని మీద పిట్ట తినే పండు ఒక్కటి ఉండదు, చివరికి తెలంగాణలో 2022లో వద్దని ఆపాల్సి వచ్చింది. వైజాగ్‌లో 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చెట్లన్నీ పడేశాక త్వరగా పెరుగుతుందని ఏడాకుల చెట్లు లైన్లు లైన్లుగా పెట్టారు, చలికాలం ముందు ఆ పూల వాసనకి జనం తలనొప్పి, అలర్జీ అని కంప్లైంట్ చేస్తున్నారు, దాని గింజలేమో దూదిలాంటి నూగుతో గాల్లో ఎగిరిపోయేవి, పండు అనేదే లేదు. తుఫాను అంటే గుర్తొచ్చింది, ప్యూర్టోరికోలో 1989లో హ్యూగో తుఫాను వచ్చినప్పుడు పురుగులు తినే పక్షుల కన్నా పండ్లు, పూల తేనె మీద బతికే పక్షులే ఎక్కువ దెబ్బ తిన్నాయి, గాలికి చచ్చిపోయినవి కాదు, తర్వాత వారాల్లో తిండి లేక తగ్గిపోయినవి. మన కోస్తా వాళ్ళకి తుఫాను కొత్త కాదు కాబట్టి మళ్ళీ నాటేటప్పుడైనా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అడవిలో చూస్తే టేకు ప్లాంటేషన్లు, నీలగిరి తోటలు, కొండల మీద కాఫీకి నీడ కోసం సిల్వర్ ఓక్. సిల్వర్ ఓక్ మీద మిరియం తీగ బాగా పాకుతుంది, రైతుకి డబ్బు వస్తుంది, నేను కాదనను, కానీ కాఫీ తోటలో ఎకరానికి ఒకటి రెండు జువ్వి, మేడి, నేరేడు చెట్లు ఉంచుకుంటే పంటకి పెద్ద నష్టమేమీ ఉండదు, అరకు కాఫీ అని ప్రపంచమంతా పేరు చెప్పి అమ్ముకుంటున్నాం కదా, ఆ ప్యాకెట్ మీద హార్న్‌బిల్ బొమ్మ వేసుకునే అర్హత కూడా వస్తుంది.

ఇంజనీర్లు మర్రి వద్దంటారు, వేళ్ళు రోడ్డుని లేపుతాయి, డ్రైన్లు పగులుతాయి అని. నిజమే. డివైడర్ మధ్యలో నాటమని ఎవరూ అడగట్లేదు, చెరువు గట్లు ఉన్నాయి, దేవాదాయ భూములు ఉన్నాయి, స్కూలు గ్రౌండ్లు, శ్మశానాలు ఉన్నాయి. మర్రికి విత్తనం కూడా అక్కర్లేదు, మంచి లావు కొమ్మ వానాకాలంలో పాతి చూసుకుంటే వేరు వేస్తుంది, నర్సరీ ఖర్చు కూడా కలిసొస్తుంది.

పక్షులు ఊరికే తిని పోతున్నాయని అనుకునే వాళ్ళకి ఒక మాట. అడవిని నాటేది అవే. హార్న్‌బిల్, కొండ గోరింక, పికిలి పిట్ట, ఇవి గింజని పాడుచెయ్యకుండా తీసుకెళ్ళి దూరంగా వేస్తాయి, పెద్ద గింజ ఉన్న పండ్లని అంత దూరం మోసే పక్షి హార్న్‌బిల్ తప్ప మన అడవిలో చాలా తక్కువ. అన్ని పక్షులూ ఈ పని చెయ్యవు, పచ్చ పావురం పొట్టలో గులకరాళ్ళతో మర్రి గింజని కూడా పిండి చేసేస్తుంది, చిలక గింజనే కొరుకుతుంది, కాబట్టి ఏదో ఒక పక్షి ఉంది కదా చాలు అనుకోడానికి లేదు. అరుణాచల్‌లో పక్కే టైగర్ రిజర్వు దగ్గర అపరాజితా దత్తా గారు, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు దశాబ్దాలుగా ఇదే చూస్తున్నారు, ఒకప్పుడు హార్న్‌బిల్ ముక్కు టోపీకి పెట్టుకునే నిషీ తెగ వాళ్ళే ఇప్పుడు గూళ్ళకి కాపలా ఉంటున్నారు, గూడుకి ఇంత అని బయటి ఊళ్ళ వాళ్ళు దత్తత డబ్బు ఇస్తారు. మన కొండరెడ్లకి, కోయలకి ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో మనకన్నా వందరెట్లు తెలుసు, ఇలాంటి పని మన దగ్గర ఎందుకు మొదలవ్వకూడదు.

ఇంకొక భయం ఉంది, అది వాతావరణం మారడం. పండ్లు అసలు కాయని ఏడాది వస్తే ఏమవుతుందో పనామాలో బారో కొలరాడో ద్వీపంలో 1970లో చూశారు, పొడిగా ఉండాల్సిన కాలంలో వానలు పడితే చాలా చెట్లు సరిగా పూయలేదు, ఆ తర్వాత రావాల్సిన పండ్ల సీజన్ తప్పింది, ఆకలితో జంతువులు చచ్చిపోయాయి. మామిడి పూత టైంలో అకాల వాన పడితే మన రైతుకి ఏమవుతుందో అడవికీ అదే అయ్యింది, కాకపోతే అక్కడ నష్టపరిహారం అడిగే నోరు లేదు. ఆఫ్రికాలో గాబన్ దేశంలో లోపే నేషనల్ పార్కులో 1986 నుంచి నెల నెలా చెట్లు చూసి రాసుకున్నారు, 1987లో ప్రతి పది చెట్లకి ఒకదాని మీద పండిన పండు కనపడేది, 2018 వచ్చేసరికి యాభై చెట్లకి ఒకటి. అక్కడ కొన్ని చెట్లు పూయాలంటే రాత్రి చలి 19 డిగ్రీల కిందకి దిగాలి, రాత్రులు వేడెక్కిపోతున్నాయి. ఈ సంగతి తెలిసింది వాళ్ళు ముప్పై ఏళ్ళు ఓపిగ్గా రాసుకున్నారు కాబట్టి. లంబసింగిలో చలి తగ్గిందా పెరిగిందా అని మనం ప్రతి డిసెంబరు వార్త రాస్తాం, అక్కడ చెట్ల పూత, కాయ ఎలా మారుతుందో కూడా రాయాలి కదా.

దీనికి కోట్లు అక్కర్లేదు. సీజన్‌వాచ్ అని ఒక కార్యక్రమం ఉంది, బడి పిల్లలు తమ దగ్గరున్న చెట్టుని వారం వారం చూసి ఆకు, పువ్వు, కాయ, పండు ఉందా లేదా అని నోట్ చేస్తారు, కేరళలో చాలా స్కూళ్ళు దీంట్లో ఉన్నాయి. మన గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలకి ఇది చేతిలో పని, వాళ్ళ హాస్టల్ వెనకే అడవి. ప్రతి స్కూలు ఒక మర్రి, ఒక మేడి, ఒక నేరేడు, ఒక మొర్రి తీసుకుని ఏడాది రాస్తే తూర్పు కనుమల పండ్ల క్యాలెండర్ మొదటి పేజీ తయారవుతుంది, ఫారెస్ట్ వాళ్ళు ఆ క్యాలెండర్ చూసి ఏ నెలలు ఖాళీగా ఉన్నాయో ఆ నెలల్లో కాసే జాతుల్నే నర్సరీల్లో పెంచొచ్చు.

మీకు నా విన్నపం ఏంటంటే, ఇకమీదట చెట్లు కొట్టే వార్త గానీ నాటే వార్త గానీ వేసేటప్పుడు మీ విలేకరులని నంబరుతో పాటు జాతుల లిస్టు కూడా అడగమని చెప్పండి, దాంట్లో మర్రి, రావి, మేడి, జువ్వి ఎన్ని అని ఒక లైను వెయ్యండి. అలాగే ఏజెన్సీ పేజీలో వారానికి ఒక చిన్న బాక్సు కట్టి ఈ వారం ఏ మండలంలో ఏ చెట్టు పండింది, దాని మీద ఏ పిట్టలు వాలాయి అని పాఠకుల నుంచే రాయించుకుని వేస్తే, మారేడుమిల్లి వైపు నుంచి మొదటి ఆరు నెలలు రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజమహేంద్రవరం